నలుగురితో నారాయణ

సావనీరుకు ఒక వ్యాసం రాసి ఇమ్మని మన ఎడిటర్ గారు మూడు వారాలుగా నా వెంట పడుతున్నారు. కవిత్వం నాకు రాదు. కథ రాసే ఓపిక లేదు. రాజకీయాలు రాస్తే హాస్టల్లో రాత్రి నిద్ర ఉండదు. చివరికి ఆయనే దారి చూపించారు. "కిందటేడు మెస్ సెక్రటరీగా వెలగబెట్టావు గదా, ఆ సంగతులే రాయి" అన్నారు. 'వెలగబెట్టావు' అనడంలోని వెటకారం నాకు అర్థం కాకపోలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఏడాదిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. అది నలుగురికీ పనికొస్తుందని నా నమ్మకం. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మిగతాది చెబితే కథ నడవదు. కనుక అదీ చెప్పేస్తాను.

మాది డివైడింగ్ మెస్సు. డే స్కాలర్లకు ఈ ముక్క తెలియకపోవచ్చు. నెలకు అయిన మొత్తం ఖర్చును మనుషుల లెక్కన భాగించి తలా ఇంతని బిల్లు వేస్తారు. ఊరెళుతున్నామని ముందుగా రాసిచ్చిన రోజులు తీసేస్తే, తిన్నా అంతే, తినకపోయినా అంతే. మా బ్లాకులో ఉన్నది 180 మంది. వంట మాస్టారు రోజూ 180 మందికీ ఎసరు పెడతారు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. రాత్రి భోజనాలు అయ్యేసరికి ఆ డ్రమ్ము నిండిపోయి, రెండో డ్రమ్ములో సగం దాకా వచ్చేది. పళ్లేల్లో వదిలేసిన మెతుకులు కాదండీ నేను చెప్పేది. గుండిగ అడుగున చెయ్యి పడకుండా మిగిలిపోయిన అన్నం. తెల్లారేసరికి పందులు పెంచే అతను ట్రాలీ ఆటోలో వచ్చి పట్టుకుపోయేవాడు. ఆయన పందులు మాత్రం మా బ్లాకులో చదివిన ఎవరికన్నా పుష్టిగా ఉండేవని ప్రతీతి.

నేను సెక్రటరీ అయిన మొదటి నెల బిల్లు చూసి జనం నా మీద విరుచుకుపడ్డారు. ఆనవాయితీ ప్రకారం రాత్రి ఎనిమిది గంటలకు మెస్సు హాల్లో మీటింగు పెట్టాం. మాస్టారికి వంట రాదన్నది ఒక వాదం. బియ్యం మారిపోయాయన్నది రెండో వాదం. సెక్రటరీ తినేస్తున్నాడన్నది మూడో వాదం. ఈ మూడో వాదానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. గంటన్నర అరుచుకున్నాక "మాస్టారిని మార్చాలి" అని చేతులెత్తి తీర్మానం చేసి, అందరూ టీ తాగడానికి గేటు బయటికి వెళ్లారు. మాస్టారిని మార్చడం ఆ ముందు సెక్రటరీ హయాంలోనూ జరిగింది. డ్రమ్ము మాత్రం అదే డ్రమ్ము, నిండడమూ అదే నిండడం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఎం.కాం. క్లాసులో ఆర్గనైజేషనల్ బిహేవియర్ చెప్పే మేడంగారు 'బ్రెయిన్ స్టార్మింగ్' పాఠం మొదలుపెట్టారు. పరీక్షలో ఐదు మార్కుల షార్టు నోటు వచ్చే టాపిక్ అది. అలెక్స్ ఆస్బర్న్ అని ఒక అమెరికా అడ్వర్టయిజింగ్ కంపెనీ పెద్దమనిషి. తన ఆఫీసు మీటింగుల్లో కొత్త ఆలోచనలు పుట్టకముందే చచ్చిపోతున్నాయని గమనించి ఈ పద్ధతి పెట్టాడు. 1953లో 'అప్లయిడ్ ఇమాజినేషన్' అనే పుస్తకంలో దాన్ని వివరంగా రాశాడు. నియమాలు నాలుగే. ఒకటి, ఎవరు ఏం చెప్పినా అప్పటికప్పుడు బాగుంది, బాగోలేదు అనకూడదు. రెండు, ఎన్ని ఎక్కువ ఆలోచనలు వస్తే అంత మంచిది. మూడు, పిచ్చి ఆలోచన అయినా సరే, చెప్పెయ్యాలి. నాలుగు, ఒకరి ఆలోచనకు మరొకరు ముక్క అతికించవచ్చు.

ఆ పాఠంతో పాటే మేడంగారు మాచేత ఒక ఆట ఆడించారు. జే హాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసింది అది. మీ నౌక చంద్రుడి మీద, ఎండపడే వైపున, చేరవలసిన చోటికి 200 మైళ్ల దూరంలో కూలిపోయింది. మీ దగ్గర 15 వస్తువులు మిగిలాయి. అగ్గిపెట్టె, ఆక్సిజన్ ట్యాంకులు, నీళ్లు, నైలాన్ తాడు, నక్షత్రాల పటం, పాలపొడి, దిక్సూచి, ఇలాంటివి. ప్రాణం నిలవడానికి ఏది ఎంత అవసరమో వరుస పెట్టాలి. ముందు ఎవరికి వారు రాసుకోవాలి. తరువాత ఐదుగురేసి కూర్చుని, చర్చించి, ఒక్క వరుసకు ఒప్పుకోవాలి. ఆఖర్న నాసా నిపుణులు ఇచ్చిన వరుసతో పోల్చి చూసుకోవాలి.

మా జట్టులో గట్టిగా వాదించినవాణ్ణి నేనే. "దారి తప్పినవాడికి దిక్సూచి కన్నా ముఖ్యమైంది ఏముంటుంది?" అని బల్ల గుద్ది దాన్ని మూడో స్థానంలోకి ఎక్కించాను. మా జట్టులో ఒక అమ్మాయి తన కాగితంలో దిక్సూచిని చివరి నుంచి రెండోదిగా రాసుకుంది. ఒకసారి నోరు తెరవబోయి, నా ఊపు చూసి, "సరే, అలాగే కానివ్వండి" అంది. నాసావారి వరుస చదివితే ఆక్సిజన్ మొదటిది, నీళ్లు రెండోది. గాలి లేనిచోట వెలగదు గనుక అగ్గిపెట్టె ఆఖరిది. భూమికి ఉన్నట్టు చంద్రుడికి అయస్కాంత ధ్రువాలు లేవు గనుక దిక్సూచి దానికి సరిగ్గా పైన! ఆ అమ్మాయి ఒంటరిగా తెచ్చుకున్న లెక్క మా ఐదుగురి ఉమ్మడి లెక్క కన్నా మెరుగ్గా ఉంది. మేడంగారు నవ్వి ఊరుకున్నారు. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. అక్కడ ఏడవవలసిందని నాకు తరువాత తెలిసింది.

సగం చదువు ప్రమాదం అంటారు. ఆ నాలుగు నియమాలూ బట్టీ పట్టి, అక్టోబరు 2 సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాలు కాగానే మెస్సు హాల్లో నేను బ్రెయిన్ స్టార్మింగ్ మీటింగు పెట్టాను. బ్లాక్‌బోర్డు మీద నియమాలు అందంగా రాయించాను. "మిత్రులారా! ఇక్కడ విమర్శ నిషిద్ధం. తోచింది చెప్పండి" అని ఉపన్యాసం ఇచ్చాను. చెప్పారు. అందరూ కాదు. ప్రతి మీటింగులోనూ మాట్లాడే ఆ ఐదారుగురే చెప్పారు. వాళ్లలో నలుగురు మళ్లీ మాస్టారి మీదికే వెళ్లారు.

అంతలో చివరి బల్ల దగ్గర నుంచి ఒక ఫస్టియర్ కుర్రాడు లేచి నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. శ్రీకాకుళం వైపు పల్లెటూరి నుంచి వచ్చాడు. అంతకుముందు ఏ మీటింగులోనూ నేనతన్ని చూసిన గుర్తు లేదు. "మరేటంటే అన్నా, నాను..." అన్నాడు.

నేను కృష్ణా జిల్లావాణ్ణి. మా భాషే అసలు భాష అనే జబ్బు మాకు కొంచెం ఉంది. ఆ పూట హుషారు మీద ఉన్నాను. నోటికి అడ్డు లేకపోయింది. "ఏటేటి? మళ్లీ చెప్పు తమ్ముడూ, ఏటి?" అని అతని యాస పట్టుకుని అన్నాను. హాలు గొల్లుమంది. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. నవ్వి, "ఏం లేదన్నా" అని కూర్చున్నాడు. నేను తరువాతి వాడి వైపు తిరిగాను. విమర్శ నిషిద్ధం అని నా వెనక బోర్డు మీద నా చేతిరాతతోనే ఉంది.

ఆ మీటింగులో 19 ఆలోచనలు వచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు. మర్నాడు మేడంగారి దగ్గరికి వెళ్లి, "మీ ఆస్బర్న్ పద్ధతి మన దేశంలో పనిచెయ్యదండీ" అన్నాను. ఆవిడ మీటింగు ఎలా జరిగిందో మొత్తం చెప్పించుకున్నారు. యాస సంగతి నేను చెప్పలేదు. అయినా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎవరు మాట్లాడలేదు?" అన్నది. మాట్లాడినవాళ్ల పేర్లు గడగడా చెప్పగలిగాను. మాట్లాడనివాళ్ల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

అప్పుడావిడ చెప్పిన సంగతులు సిలబస్‌లో లేవు. 1958లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని పరీక్షించి చూశారట. నలుగురిని కలిపి కూర్చోబెట్టి ఆలోచించమన్నారు. మరో నలుగురిని వేరువేరు గదుల్లో ఒంటరిగా ఆలోచించమని, వాళ్ల కాగితాలు కలిపి, ఒకేలా ఉన్నవాటిని కొట్టేసి లెక్కపెట్టారు. విడివిడిగా రాసినవాళ్ల దగ్గర దాదాపు రెట్టింపు ఆలోచనలు తేలాయి. ఎందుకలా అన్నదానికి 1987లో జర్మనీలో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు ప్రయోగాలు చేసి చూశారు. భయం, సోమరితనం కన్నా పెద్ద కారణం ఇంకొకటి కనబడింది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోగా తమ ఆలోచన జారిపోతుంది. లేదా ఇప్పుడు చెబితే బాగుండదని మింగేస్తారు. ఇంతకీ ఆస్బర్న్ మహాశయుడు కూడా ఒంటరి ఆలోచన వద్దనలేదు. మనలాంటివాళ్లమే మీటింగు ఒక్కటీ పట్టుకుని ఊరేగించాం.

"నలుగురితో నారాయణ అంటారు చూడు, అది మనకు సామెత. వాళ్లకు ఒక శాస్త్రం" అన్నారు మేడంగారు. ఇర్వింగ్ జానిస్ అనే ఆయన 1972లో ఒక పుస్తకమే రాశాడట. 1961లో క్యూబా మీద దండెత్తి అమెరికా పరువు పోగొట్టుకున్న బే ఆఫ్ పిగ్స్ వ్యవహారం అందులో ముఖ్యమైన ఉదాహరణ. అధ్యక్షుడు కెన్నెడీ చుట్టూ కూర్చున్నవాళ్లు సామాన్యులు కారు. అందరూ మహా మేధావులు. వాళ్లలో ఆర్థర్ ష్లెసింజర్ అనే చరిత్రకారుడికి ఈ పని మంచిది కాదని గట్టిగా తెలుసు. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. కాని అందరూ కూర్చున్న గదిలో నోరు విప్పి ఎదురు చెప్పలేకపోయాడు. ఆ మౌనానికి తనను తాను నిందించుకున్నట్టు తరువాత ఆయనే పుస్తకంలో రాసుకున్నాడు. అంతటివాడికే గదిలో గొంతు పెగలకపోతే మా చివరి బల్ల కుర్రాడెంత అనిపించింది నాకు. ఆ మాట మేడంగారితో అనలేదు గాని, కడుపులో ఏదో తిప్పినట్టయింది.

ఆవిడ నాకొక ఉపాయం చెప్పారు. డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు 1971లో ప్రచురించిన పద్ధతి అది. పేరు పెద్దదే గాని పని చిన్నది. ముందు రాత, తరువాత మాట, మళ్లీ రాత. ఆవిడ ఇంకో రెండు మెలికలు పెట్టారు. మాది పెద్ద గుంపు గనుక, ఒక్కొక్కరినీ లేపి అడగకుండా పేర్లు లేని చీటీలు కలిపేసి చదవమన్నారు. "ప్రశ్న మార్చు. వంట ఎందుకు బాగోలేదు అని అడిగితే మాస్టారినే తిడతారు. డ్రమ్ములోకి వెళ్లే అన్నం ఎవరి అన్నం అని అడుగు" అన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాం. వచ్చినవాళ్లు 64 మంది. తలా ఒక చీటీ ఇచ్చాం. పేరు రాయకూడదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మా మెస్సు హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెన్నడూ వినలేదు. ఫ్యాను చప్పుడు, పెన్నుల చప్పుడు, వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు. చీటీలన్నీ ఒక ఖాళీ నూనె డబ్బాలో వేసి కలియబెట్టాం. సెక్రటరీని గనుక చదవడం నా వంతు. నా మిత్రుడు ఒకడు బోర్డు మీద రాస్తున్నాడు. వ్యాఖ్యానాలు లేవు, నవ్వులు లేవు. అర్థం కాకపోతే అడగవచ్చు, అంతే.

మొదటి పది చీటీల్లో పాత సంగతులే. సాయంత్రం గేటు బయట నూడుల్స్ తినేసి రాత్రి భోజనానికి రామన్నవాళ్లు, చెప్పకుండా సెకండ్ షోకి పోతామని ఒప్పుకున్నవాళ్లు. పేరు లేకపోతే మనుషులు ఎంత నిజాయితీగా ఉంటారో! ఒక మహానుభావుడు "మెస్సు గుమ్మంలో ఓటింగు మెషీను పెట్టండి, తినేదీ లేనిదీ మీట నొక్కి చెబుతాం" అని రాశాడు. నియమం ప్రకారం నవ్వకుండా అదీ బోర్డెక్కించాం.

పదమూడో చీటీయో, పద్నాలుగో చీటీయో. చక్కని గుండ్రటి అక్షరాలు. నేను పైకి చదివాను: "నేను సాయంత్రం ఒక బట్టల షాపులో పనిచేస్తాను. హాస్టలుకు వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. మెస్సు తొమ్మిదికి మూసేస్తారు. బిల్లు కడుతున్నాను. నా అన్నం డ్రమ్ములో ఉంటుంది. మూత తీస్తే ఇంకా వేడిగా ఉంటుంది. కిందటి మీటింగులో చెబుదామనుకున్నాను."

చదవడం అయిపోయింది. తరువాత చీటీ తియ్యడానికి డబ్బాలో చెయ్యి పెట్టాను గాని వేళ్లు ఆడలేదు. తల ఎత్తి చివరి బల్ల వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. అతని మాటను అతని గొంతులో వినడానికి ఒప్పుకోనివాణ్ణి, అదే మాటను నా గొంతుతో 63 మందికి వినిపించవలసి వచ్చింది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ వార్డెనూ నాకు వెయ్యలేడు.

తరువాత చదివిన చీటీల్లో అలాంటివి ఇంకా పది తేలాయి. ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు ముగ్గురు. జిరాక్స్ షాపులో ఉండేవాడొకడు. ఊరందరికీ బిర్యానీ పొట్లాలు బండి మీద చేరవేసి, తను అరటిపండు తిని పడుకునేవాడొకడు. ఏళ్ల తరబడి మేము ఒక్క సమస్య గురించే అరుచుకున్నాం: అన్నం ఎక్కువవుతోంది. అదే గోడ కింద రెండో సమస్య ఉంది: కొందరికి అన్నం లేదు. రెండూ ఒకటేనని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా ఆ రోజే తెలిసింది. మా మీటింగులన్నీ రాత్రి ఎనిమిదికి. ఆ వేళకు వాళ్లెవరూ హాస్టల్లో ఉండరు. సెలవు గనుక అక్టోబరు 2న ఆ కుర్రాడు వచ్చాడు. వచ్చిన ఒక్కసారీ నేను కూర్చోబెట్టాను.

ఆ పూట బోర్డు మీద 37 ఆలోచనలు తేలితే, ఒకేలా ఉన్నవి కలిపి 22 చేశాం. మళ్లీ చీటీలిచ్చి, తలా ఐదు ఎంచుకుని ఐదు నుంచి ఒకటి దాకా మార్కులు వెయ్యమన్నాం. చేతులెత్తమంటే ఖాయంగా గెలిచే "మాస్టారిని మార్చాలి" ఆరో స్థానంలోకి పడిపోయింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవి "ఆలస్యంగా వచ్చేవారికి అన్నం తీసిపెట్టాలి", "ఎంతమంది తింటారో వండకముందే తెలియాలి" అన్నవి. రెండోదానికి దారి ఏమిటంటే, మనందరం లోలోపల నవ్వుకున్న ఓటింగు మెషీనే! మెషీను వద్దు, మేకులు చాలు అన్నాడొకడు. గది నంబరు వేసిన బిళ్ల ఉంటే చాలు అన్నాడు మరొకడు. అలా ఒకరి ముక్కకు ఒకరు అతికించి, ఒక ప్లైవుడ్ బోర్డు మీద మూడు భాగాలు గీశాం: తింటాను, తినను, ఆలస్యం. పొద్దున టిఫినుకు వచ్చినప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తగిలించాలి. సాయంత్రం మాస్టారు బిళ్లలు లెక్కపెట్టి ఎసరు పెడతారు. ఖాళీ డబ్బాలు, గోతాలు అమ్మిన డబ్బుతో 12 క్యారియర్లు కొన్నాం. మిగతావాళ్లు ఎవరి డబ్బాలు వాళ్లు తెచ్చుకున్నారు.

ఇంతా అయ్యాక ఒక సంగతి నా గర్వాన్ని ఇంకాస్త దించింది. వడ్డించే అమ్మతో ఈ ఏర్పాటు గురించి చెబుతుంటే ఆవిడ విని, "ఆ పిల్లలు రాత్రిళ్లు మూసిన తలుపు చూసి వెనక్కి పోవడం నేను రోజూ చూస్తానే ఉన్నా బాబూ. మీరు ఎప్పుడన్నా అడిగితేగా?" అంది. నిజమే. మా మీటింగు జరిగినంతసేపూ వంటింట్లో గిన్నెలు తోముతున్నది ఆవిడే. ఆవిడకు చీటీ ఇవ్వాలని మాకు తోచలేదు. ఇచ్చినా ఆవిడకు రాయడం రాదు. చీటీల పద్ధతిలోనూ ఒక లోటుందన్నమాట. రాయలేనివాళ్ల దగ్గరికి మనమే వెళ్లి కూర్చుని అడగాలి.

ఈ మాట మేడంగారికి చెబితే ఆవిడ ఫ్యాక్టరీల సంగతి ఎత్తారు. జపానులో 1962 నుంచి ఇషికావా అనే ప్రొఫెసరు ప్రోద్బలంతో క్వాలిటీ సర్కిల్స్ వచ్చాయి. మిషను దగ్గర నిలబడే కార్మికులే పది మందిలోపు కూర్చుని తమ పనిలోని లోపాన్ని తామే వెదుక్కోవడం. మన దేశంలో 1980 ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టింది హైదరాబాదు దగ్గరి రామచంద్రపురం బి.హెచ్.ఇ.ఎల్. వారే. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కేంద్రం కూడా మన జంట నగరాల్లోనే. ఏ.సి. గదిలో మేనేజరుకు కనబడని చప్పుడు మిషను తుడిచేవాడికి వినబడుతుందన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. మా వంటింట్లో ఆ చప్పుడు ఎన్నాళ్లుగానో వినబడుతూనే ఉంది. చెవి పెట్టినవాడు లేడు.

ఇక ఫలితం. అంతా సవ్యంగా జరిగిందని రాస్తే మా బ్లాకువాళ్లు ఈ సావనీరు చింపేస్తారు. మొదటి నాలుగు రోజులూ అభాసుపాలయ్యాం. సగం మంది బిళ్ల సంగతే మరిచిపోయారు. ఒకరాత్రి అన్నం చాలక, ఎనిమిదిన్నరకు మళ్లీ ఎసరు పెట్టి, నేను 40 మంది చేత తిట్లు తిన్నాను. ఒక కొంటె కుర్రాడు వార్డెన్ గారి పేరుతో బిళ్ల చేసి "ఆలస్యం" కింద తగిలించాడు. పదిహేను రోజులు చూసి, పనిచెయ్యకపోతే తీసేద్దామని ముందే అనుకున్నాం కాబట్టి ఓపిక పట్టారు. రెండో వారానికి అలవాటైంది. ఒకటిన్నర డ్రమ్ము అర డ్రమ్ముకు వచ్చింది. బిల్లు తగ్గింది గాని గొప్పగా కాదు. టమాటా ధర మన చీటీలకు లొంగదు గదా! "ఆలస్యం" కింద మాత్రం రోజూ 26 బిళ్లలు తేలుతుండేవి. అన్నేళ్లుగా మా కప్పు కింద 26 మంది సరిగ్గా తినకుండా పడుకుంటున్నారు. ఆ సంఖ్య బోర్డు మీద చూసేదాకా మాకు తెలియదు.

మా నాయనమ్మ తన ఊరి రచ్చబండ గురించి ఒక మాట అంటుండేది. "బండ మీద కూర్చున్నవాళ్లు మాట్లాడతారు, కింద నిలబడ్డవాళ్లు వింటారు, మేం ఇళ్లల్లో ఉండి తీర్పు ఏమైందో అడిగి తెలుసుకునేవాళ్లం" అని. పదిమందీ కలిసి ఆలోచించడం మనకు కొత్త కాదు. అందరినీ కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన అందరూ ఆలోచించినట్టు కాదన్నదే కొత్త. ఇంట్లో అక్క పెళ్లి ఖర్చు గురించి మాట్లాడుకున్నా, గదిలో నలుగురం కరెంటు బిల్లు పంచుకున్నా, యూనియన్ వాళ్లం ఫ్రెషర్స్ డే జరపాలన్నా, ముందు పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకుని చూడండి. ఖర్చు లేదు. సృజనాత్మకత అన్న పెద్ద మాటకు భయపడనక్కరలేదు. మా మెస్సులో కొత్తగా పుట్టిన మహత్తర ఆలోచన ఏమీ లేదు. మేకులు, బిళ్లలు, క్యారియర్లు. కావలసిన సంగతి ఒకరి దగ్గర ఎప్పుడూ ఉంది. అది బయటికి వచ్చే దారిలో నేను అడ్డంగా నిలబడి ఉన్నాను. అంతే తేడా.

ఆ చీటీ రాసింది అతనేనని నాకు రుజువు లేదు. చేతిరాత పోల్చి చూడలేదు. పేరు వద్దన్నాం గనుక వెదకడం ధర్మం కాదు. కాని క్యారియర్లు పెట్టిన మూడో రాత్రో, నాలుగో రాత్రో నేను మెస్సు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. తొమ్మిదిన్నర దాటాక అతను వచ్చాడు. క్యారియర్ తీసుకున్నాడు.

"తమ్ముడూ, ఆ రోజు మీటింగులో నిన్ను మాట్లాడనివ్వలేదు. తప్పు చేశాను" అన్నాను. "నువ్వేం చెప్పబోయావు?" అని కూడా అడిగాను.

కాసేపు నా మొహంలోకి చూశాడు. "ఇదేనన్నా" అని చేతిలోని క్యారియర్ కొంచెం పైకెత్తి చూపించి, లోపలికెళ్లి తినడానికి కూర్చున్నాడు.

ఈ సంవత్సరం మన యూనియన్ జనరల్ బాడీ మీటింగుకు నేను వస్తాను. చీటీలు నేనే కోసి తెస్తాను. అధ్యక్ష కార్యదర్శులకు నా మనవి ఒక్కటే: మైకు ఆన్ చెయ్యడానికి ముందు ఓ పది నిమిషాలు ఇప్పించండి. మీటింగు వేళ మాత్రం రాత్రి ఎనిమిదికి పెట్టకండి.